నా చైను తెగలేదు

2021 డిసెంబరులో నా సైకిలు చైను తెగలేదు. తెగిందని మాత్రం అప్పట్లో మా సైకిలు గుంపులో అందరికీ చెప్పాను. అనంతగిరి ఘాట్‌లో చైను తెగిపోయి అరకు చేరలేకపోయానని, దొరికిన బొలెరో పట్టుకుని దిగిపోయానని వాట్సాప్‌లో పెట్టాను. పాపం, అందరూ ఓదార్చారు. ఒకాయనైతే చైను కలిపే లింకు ఒకటి ఎప్పుడూ జేబులో ఉండాలని చెప్పి, అదెలా వెయ్యాలో వీడియో కూడా పంపాడు. జరిగింది వేరు. ఘాట్‌లో టైడ అనే ఊరు దాటిన కాసేపటికి కాళ్ళు మొరాయించాయి. దిగాను. దిగినవాణ్ణి తోసుకుంటూ ముందుకి పోవచ్చు. సిగ్గేసింది. పర్యాటకుల కార్లు ఒకదాని వెనక ఒకటి పోతుంటే, హెల్మెట్టూ నల్లకళ్ళద్దాలూ బిగుతు నిక్కరూ వేసుకున్న నలభై నాలుగేళ్ళ మనిషి సైకిలు తోసుకుంటూ కనపడడమేమిటని రోడ్డు పక్క పిట్టగోడ మీద గంటసేపు కూర్చున్నాను. చివరికి కిందికి పోతున్న కూరగాయల బండి ఆపాను.

ఆ తరవాత అదే దారిన ఐదుసార్లు సైకిలు మీద అరకు వెళ్ళాను. ఐదుసార్లూ ఎక్కడో ఒకచోట దిగి తోశాను. దిగి తోయడం కూడా సైకిలు ప్రయాణంలో భాగమేనని, అది ఓటమి కాదని గట్టిగా వాదించడానికే ఇప్పుడు రాస్తున్నాను. మా బావమరిదికి ఈ మాట అస్సలు పడదు. వాడి వాదన కూడా రాస్తాను. రాయకపోతే సంక్రాంతికి ఇంటికొచ్చి మరీ అడుగుతాడు.

విశాఖలో సైకిలు పిచ్చి పట్టినవాడికి కొండలకి కరువులేదు. మొదటి ఏడాదంతా బీచ్ రోడ్డులో భీమిలి దాకా పోయి రావడమే గొప్ప. తరవాత కైలాసగిరి, సింహాచలం ఘాట్, ఆ తరవాత యారాడ కొండ. యారాడ దూరం తక్కువే గానీ వాలు మహా మొండిది, గుండెకాయ నోట్లోకొస్తుంది. ఇవన్నీ అయ్యాక ఇంక మిగిలేది అరకు. అయితే ప్రతి కొండకీ ఎక్కడా రాయని షరతు ఒకటుంది. పైకి చేరేదాకా కాలు కింద పెట్టకూడదు. పెడితే ‘అది లెక్కలోకి రాదు’. ఈ షరతు ఎవరు పెట్టారో ఎవరికీ తెలీదు, అందరం కిమ్మనకుండా పాటిస్తాం. దీనివల్ల జరిగిందేమిటంటే, 2020లో కరోనా టైములో ఎగబడి కొన్న సైకిళ్ళు సగం ఇప్పుడు మా అపార్ట్‌మెంట్ బాల్కనీల్లో బట్టలారేసుకునే దండేలయ్యాయి. వాటి ఓనర్లని కదిపి చూడండి. ‘బీచ్ రోడ్డు వరకూ ఓకే గానీ కొండలంటే మన వల్ల కాదండీ’ అంటారు. వాళ్ళ వల్ల కాకపోవడమేమీ లేదు. అందరి ముందూ దిగాల్సొస్తుందని భయం, అంతే.

అదే మనుషులు సింహాచలం మెట్లు ఎక్కేటప్పుడు చూడండి. యాభై మెట్లకోసారి కూర్చుంటారు, మరమరాలు తింటారు, పిల్లాడి చెప్పు సరిచేస్తారు, మళ్ళీ లేస్తారు. ఆషాఢ పౌర్ణమికి గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు. లక్షల మంది రాత్రంతా నడుస్తారు, హనుమంతవాక దగ్గర ఆగి నిమ్మరసం తాగుతారు, అప్పుఘర్ దగ్గర సముద్రస్నానం చేస్తారు, కాళ్ళు పట్టేస్తే ఫుట్‌పాత్ మీదే కూలబడతారు. తెల్లారి ఇంటికొస్తే ‘మధ్యలో కూర్చున్నావా? అయితే నీది లెక్కలోకి రాదు’ అని వాళ్ళతో ఎవరైనా అన్నారా? అంటే ఊరుకుంటారా? కొండ ఎక్కడమెలాగో మనవాళ్ళకి తెలీక కాదు. సైకిలెక్కేసరికి మర్చిపోతున్నాం.

ఇక దారి సంగతి. విశాఖ నుంచి అరకు సుమారు 115 కిలోమీటర్లు. గోపాలపట్నం, పెందుర్తి, కొత్తవలస, లక్కవరపుకోట మీదుగా శృంగవరపుకోట (ఎస్.కోట) దాకా దాదాపు సగం దూరం. అక్కడివరకూ మైదానమే. ఎస్.కోట, బొడ్డవర దాటితే కొండలు మొదలవుతాయి. టైడ, అనంతగిరి, గాలికొండ, సుంకరమెట్ట, అరకు. ఒక్క రోడ్డు మీద మూడు జిల్లాలు తగులుతాయి: విశాఖపట్నం, విజయనగరం, 2022 ఏప్రిల్‌లో కొత్తగా ఏర్పడ్డ అల్లూరి సీతారామరాజు జిల్లా. నా చైను ‘తెగిన’ రోజుకి ఆ చోటు ఇంకా విశాఖ జిల్లాలోనే ఉండేది. అరకు లోయ సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తు. కానీ రోడ్డు తిన్నగా ఆ ఎత్తుకి వెళ్ళి ఆగదు. గాలికొండ దగ్గర వెయ్యి మీటర్లు దాటిపోయి, అక్కణ్ణుంచి లోయలోకి దిగుతుంది. అంటే అరకుకి ఎక్కాల్సినదానికంటే కాస్త ఎక్కువే ఎక్కి, మిగిలింది కొండకే వదిలిపెట్టి రావాలి.

అందరూ ఘాట్ కష్టమంటారు. నన్నడిగితే ఈ దారిలో అసలు కష్టం పెందుర్తి. తెల్లవారుజామున మూడున్నరకి బయల్దేరకపోతే లారీలు, కాలేజీ బస్సులు, సర్వీసు ఆటోల మధ్య నలిగిపోతాం. మూడున్నరకి బయల్దేరితే కుక్కలు. ఊరికో దండు ఉంటుంది. ఒక ఊరి కుక్కలు పొలిమేర దాకా తరిమి, పక్క ఊరి కుక్కలకి అప్పగించి వెనక్కి తిరుగుతాయి. సైకిలు ఆపేసి దిగితే చాలా కుక్కలు వెంటనే ఆసక్తి కోల్పోతాయని అనుభవం మీద తెలిసింది. (దిగడం వల్ల మొదటి లాభం ఇదే. వాదనలో దీన్ని లెక్కెయ్యడం లేదు.) ఆరు దాటేసరికి ఎస్.కోటలో ఉంటే ఆ రోజు సగం గెలిచినట్టే. అక్కడ కడుపునిండా ఇడ్లీలు తినాలి. ఎందుకో లెక్క చెప్తాను.

నా బరువు 78 కిలోలు, సైకిలు, నీళ్ళు, సంచీ కలిపి ఇంకో 12. మొత్తం 90 కిలోల మూటని నిట్టనిలువునా 1,100 మీటర్లు పైకి మోసుకుపోవాలి. ఆ పని సుమారు 970 కిలోజౌళ్ళు, అంటే 230 కిలోకేలరీలు. ఇంతేనా అనిపిస్తుంది. కానీ మన ఒంట్లో ఖర్చయ్యే శక్తిలో నాలుగో వంతే పెడల్ దాకా చేరుతుంది, మిగతాదంతా వేడిగా, చెమటగా పోతుంది. అందుకని ఆ ఒక్క ఎక్కుడుకే తొమ్మిది వందల పైచిలుకు కావాలి. పదిహేను ఇడ్లీల పైమాటే. ఎస్.కోట వరకూ తొక్కినదీ, గాలితో పోరాడినదీ ఇందులో కలపలేదు. మొదటిసారి నేను తిన్నది రెండు అరటిపళ్ళు, ఒక ఎనర్జీ బార్. టైడ దగ్గర కాళ్ళు మొరాయించాయంటే మొరాయించవా మరి.

రెండో తప్పు గేరు. అప్పటి నా సైకిలుకి ముందు, పెడళ్ళ దగ్గర, చిన్న పళ్ళచక్రానికి 39 పళ్ళు, వెనక అన్నిటికంటే పెద్దదానికి 25. అమ్మినవాడు ‘రేసు సెటప్ సార్’ అన్నాడు, నేను పొంగిపోయాను. ఆ గేరులో పెడల్ ఒక చుట్టు తిప్పితే సైకిలు మూడు మీటర్ల ముప్ఫై సెంటీమీటర్లు ముందుకి పోతుంది. మైదానంలో హాయే. ఎక్కుడులో మనం పోయేది గంటకి ఎనిమిది కిలోమీటర్లు. ఆ వేగానికి ఈ గేరులో కాలు నిమిషానికి నలభై సార్లు తిరుగుతుంది. ప్రతి తొక్కుడుకీ మోకాలి మీద ఒంటి బరువంతా వెయ్యాలి, గానుగెద్దు పని. ఇప్పుడు ముందు 34, వెనక 34 పెట్టించాను. ఒక చుట్టుకి రెండు మీటర్ల పది. అదే ఎనిమిది కిలోమీటర్ల వేగానికి కాలు అరవై పైన తిరుగుతుంది, ఒక్కో తొక్కుడుకి పెట్టాల్సిన బలం మూడో వంతుకి పైగా తగ్గుతుంది. కొండ అదే, మనిషి అదే. మార్చడానికి అయిన ఖర్చు మంచి బూట్ల జతంత. ఈ మాట మొదటిరోజే ఎవరూ చెప్పలేదంటే, మా గుంపులో పెద్ద పళ్ళచక్రం కూడా కొంచెం సిగ్గుపడాల్సిన వస్తువే. ‘ఏంటి బాసూ, పప్పుగుత్తి పెట్టించావా’ అంటారు.

ఈ సిగ్గు మనం కనిపెట్టింది కాదనీ, దీనికి పెద్ద చరిత్రే ఉందనీ తరవాత తెలిసింది. టూర్ డి ఫ్రాన్స్ సైకిలు పోటీ మొదలుపెట్టిన ఆన్రీ దెగ్రాంజ్‌కి గేర్లంటే పడేది కాదు. 1902లో ఫ్రాన్సులో కొండదారి పోటీ ఒకటి జరిగింది. అందులో మార్త్ ఎస్ అనే ఆవిడ మూడు గేర్ల సైకిలు మీద వచ్చి, ఒకే గేరుతో వచ్చిన పేరున్న మగ రేసర్‌ని వెనక్కి నెట్టింది. అది చూశాక కూడా ఆయన దారికి రాలేదు. గేర్లు 45 ఏళ్ళు దాటినవాళ్ళకే పనికొస్తాయని, కండబలంతో గెలవడమే గెలుపని రాశాడు. తన పోటీలో గేరు మార్చే డీరైలర్లని 1937 దాకా రానివ్వలేదు. నాకిప్పుడు 45 దాటాయి కాబట్టి ఆయన లెక్క ప్రకారం నాకు అనుమతి ఉన్నట్టే.

అంతకంటే నాకు నచ్చిన సంగతి 1910ది. ఆ ఏడాది టూర్‌లో మొదటిసారి పిరనీస్ కొండల్లోని పెద్ద కనుమలు పెట్టారు. లూషోన్ నుంచి బయోన్ దాకా 326 కిలోమీటర్లు, మధ్యలో తూర్మలే, ఒబిస్క్ లాంటి కనుమలు, మట్టిరోడ్లు. ఆక్తావ్ లపీజ్ అనే అతను తూర్మలే మీదికి అందరికంటే ముందు చేరాడు. ఎలా? కొంత దూరం దిగి సైకిలు తోసుకుంటూ. ఆ తరవాతి కనుమలో నిర్వాహకులు ఎదురైతే, మీరు హంతకులు అని తిట్టి మరీ ముందుకి సాగాడు. ఆ ఏడాది టూర్ గెలిచింది అతనే. గారిగూ అనే ఇంకో రేసర్ తూర్మలే మొత్తం దిగకుండా తొక్కాడు. అతనికి వంద ఫ్రాంకుల బహుమతి ఇచ్చారు. దిగనివాడికి వంద ఫ్రాంకులు, దిగినవాడికి టూర్. ఇప్పటి రేసుల రూలు పుస్తకం కూడా ముగింపు గీతని నడిచి దాటొచ్చనే అంటుంది, సైకిలు మాత్రం వెంట ఉండాలి. రెండొందల కిలోమీటర్ల బ్రెవేలు, అంటే గడువులోగా ముగించాల్సిన దూరపు సైకిలు ప్రయాణాలు, చేసేవాళ్ళకి పదమూడున్నర గంటల గడువు ఉంటుంది, మధ్యలో చెక్‌పాయింట్లు ఉంటాయి. ఎంత దూరం నడిచావని ఎవరూ అడగరు. అంటే రేసర్లకి లేని పట్టింపు, జీతం నుంచి కోసుకుని సైకిలు కొన్న మనకొచ్చింది.

సరే, నాకీ సిగ్గు ఎలా పోయిందంటే ఈ చదువు వల్ల కాదు. రెండోసారి, 2022 డిసెంబరులో, మంగళవారం వెళ్ళాను. (చలికాలం ఆదివారాలు ఈ రోడ్డు జోలికి పోవద్దు. వలిసె పూల ఫొటోల కోసం వచ్చే కార్లు ప్రతి మలుపులోనూ ఆగిపోతాయి.) కొత్త గేరు ఉంది, పన్నెండు ఇడ్లీలు తిన్నాను, అయినా అనంతగిరికి ముందు ఒక పొడుగాటి ఎక్కుడులో ఆయాసం ఆగలేదు. దిగాను. అలవాటు ప్రకారం పిట్టగోడ కోసం చూస్తున్నాను. కింద నుంచి ఒక పెద్దాయన సైకిలు తోసుకుంటూ వస్తున్నాడు. ఆయనది పాత నల్లటి ఇరవై నాలుగు అంగుళాల బండి. క్యారియర్ మీద అడ్డంగా ఒక గోనెమూట, ఫ్రేము సందులో ఇంకోటి. కాఫీ పళ్ళు. ఒక చెయ్యి హ్యాండిల్ మీద, ఇంకో చెయ్యి సీటు వెనక. సైకిలు ఒంటికి తగలకుండా, కొంచెం తనవైపు వాల్చి పట్టుకున్నాడు. నలభై యాభై అడుగులకోసారి ఆగుతాడు. ఆగే ముందు కాలితోనే ఒక రాయిని దొర్లించి వెనక చక్రం కింద పెడతాడు. పెట్టి, రెండు చేతులూ వదిలేస్తాడు. సైకిలు వాలులో బుద్ధిగా నిలబడుతుంది. ఆయన చేతులు విదిలించుకుని, తలపాగాతో మొహం తుడుచుకుని, మళ్ళీ తోస్తాడు. రాయి అక్కడే ఉండిపోతుంది. ముందు ఇంకో రాయి ఎలాగూ దొరుకుతుంది. మనలాగా హ్యాండిల్ బ్రేకు నొక్కి పట్టుకుని, చేతులు లాగేస్తుంటే వంగి నిలబడి ఆయాసపడ్డం కాదు.

నా దగ్గరకొచ్చి ఆగాడు. రాయి పెట్టాడు. ‘ఏటి బాబూ, బండి పాడైపోనాదా?’ అన్నాడు. లేదన్నాను. నా సైకిలంతా పైనుంచి కింద దాకా చూశాడు. ‘దీనికి టేండు నేదేటి?’ స్టాండు లేదన్నాను. ‘కేరేజీ?’ అదీ లేదన్నాను. ‘మరి మూటెక్కడ కడతావు?’ దానికి నా దగ్గర జవాబు లేదు. ఎంతకి కొన్నానని అడిగాడు. అసలు ధరలో మూడో వంతు చెప్పాను. దానికే నోరు తెరిచి, ‘అంత పెట్టి టేండు ఎయ్యలేదా, మోసం సేసినారు’ అని నా మీద జాలిపడ్డాడు. నేను దిగి ఉన్న సంగతి ఆయన పట్టించుకోనే లేదు. ఎక్కుడు కనక దిగానంతే, ఆయనకి అందులో అడగాల్సిందేమీ కనపడలేదు. ఆ తరవాత ఇద్దరం కలిసి ఓ కిలోమీటరు తోసుకుంటూ వెళ్ళాం. రాయి పెట్టడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. నా సన్నటి టైరుకి ఎంత రాయి కావాలో కుదరడానికి నాలుగు రాళ్ళు పట్టింది.

ఆయన ఊరు రోడ్డు మీద నుంచి లోపలికి, ఇంకా పైన. మలుపు దగ్గర ఒక కాలిబాట చీలితే అటు తిరిగిపోయాడు. ఆ బాటలో సైకిలు కూడా పూర్తిగా పోదని చెప్పాడు. ఈ కొండల్లో ఇంకా అలాంటి ఊళ్ళు ఉన్నాయి. నొప్పులొచ్చిన ఆడమనిషిని డోలీలో మోసుకుంటూ రోడ్డు దాకా తెచ్చిన వార్తలు మనం పేపర్లో చదువుతూనే ఉంటాం. అది చదివిన చేత్తోనే మనం ‘అరకు ఛాలెంజ్’ అని బనీన్లు అచ్చేయించుకుంటాం. బనీను వద్దనను, నా దగ్గరా ఒకటుంది. దాన్ని వేసుకుని ఆ మలుపు దాటేటప్పుడు మాత్రం కాస్త ఇబ్బందిగా ఉంటుంది.

ఇప్పుడు మా బావమరిది వాదన. వాడు నాకంటే పదిహేనేళ్ళు చిన్న, నిజంగా మంచి రైడర్. గాలికొండ దాకా కాలు కింద పెట్టకుండా వెళ్తాడు. ‘బావా, నియమం లేకపోతే ఆటే లేదు. క్యారమ్స్‌లో కాయిన్ చేత్తో తోసి వేస్తే ఒప్పుకుంటావా? దిగి తోస్తే అది సైక్లింగ్ కాదు, సైకిల్‌ని వాకింగ్‌కి తీసుకెళ్ళడం. అంత కష్టమైతే కిరండూల్ పాసింజర్ ఎక్కు, అద్దాల బోగీ ఉంది, సొరంగాలు చూసుకుంటూ హాయిగా పోవచ్చు’ అంటాడు. వాకింగ్ మాటకి మా ఆవిడ కూడా నవ్వింది, అందుకని కొంచెం ఎక్కువ గుచ్చుకుంది.

వాడన్నదాంట్లో నిజం లేకపోలేదు. సింహాచలం ఘాట్ దిగకుండా ఎక్కిన రోజు నేనూ కాలరెగరేశాను. గురి పెట్టుకుని కొట్టడంలో ఉండే ఆనందం వేరు, దాన్ని తీసిపారెయ్యను. కానీ అది వాడు తనకి తాను పెట్టుకున్న గురి. దాన్నే తలుపు దగ్గర టిక్కెట్టుగా పెట్టి, అది లేనివాళ్ళు లోపలికి రావద్దంటే నేనొప్పుకోను. వాడు రైలు మాట ఎత్తాడు కాబట్టి రైలుతోనే చెప్తాను. కొత్తవలస–కిరండూల్ లైను 1960ల్లో బైలదిల్లా ఇనుప ఖనిజం కోసం వేసింది. 58 సొరంగాలు. శిమిలిగుడ స్టేషను 996 మీటర్ల ఎత్తున ఉంటుంది. ఆ లైన్లో ఖనిజం బళ్ళకి ఒక్క ఇంజను చాలదని రెండు మూడు తగిలిస్తారు. ఒక్క ఇంజనుతో ఎక్కలేదు కాబట్టి అది రైలు కాదని రైల్వేలో ఎవరైనా అన్నారేమో కనుక్కోమన్నాను. ‘నువ్వు మాట మారుస్తున్నావ్’ అన్నాడు. మార్చాను కొంచెం.

మాట మార్చకుండా లెక్కే చెప్తాను. బాగా అలిసినప్పుడు ఎక్కుడులో నా వేగం గంటకి ఏడు కిలోమీటర్లు. తోస్తే నాలుగు. రెండు కిలోమీటర్లు తోశాననుకోండి. తొక్కితే పదిహేడు నిమిషాలు పట్టేది అరగంట పడుతుంది. నష్టం పదమూడు నిమిషాలు. ఉదయం మూడున్నరకి బయల్దేరి మధ్యాహ్నానికి చేరే ప్రయాణంలో పదమూడు నిమిషాలు ఒక టీ. ఆ పదమూడు నిమిషాల్లో తొడ కండరాలకి విశ్రాంతి దొరుకుతుంది, నడుం నిటారుగా అవుతుంది, మడమలు పని చేస్తాయి. మళ్ళీ ఎక్కితే ఇంకో గంట తొక్కొచ్చు. దిగకుండా మొండికేస్తే ఏమవుతుందో పిట్టగోడ మీద కూర్చున్నవాణ్ణి, నాకు తెలుసు. ఒక చిన్న షరతు మాత్రం ఉంది. అడుగున ఇనుప బిళ్ళలుండే, పెడల్‌కి అతుక్కుపోయే బూట్లు మానెయ్యాలి. వాటితో తారురోడ్డు మీద నడిస్తే బాతు నడకే, వాలులో జారుతుంది కూడా. అవి వేసుకుని బయల్దేరడమంటే దిగనని ముందే ఒట్టు పెట్టుకోవడం. నేను మామూలు కాన్వాస్ బూట్లు, మామూలు పెడళ్ళకి వచ్చేశాను. వేగం ఎంత తగ్గిందో కొలవలేదు, కొలిచే ఉద్దేశమూ లేదు.

తోసేటప్పుడు కనపడేవి తొక్కేటప్పుడు కనపడవని మా గుంపులో చెప్తే నవ్వుతారు, కానీ అక్షరాలా నిజం. ఆయాసంలో చూపు ముందు చక్రానికి రెండు గజాల దూరం దాటదు. అనంతగిరి దగ్గర సిల్వర్ ఓక్ చెట్లకి మిరియాల తీగ అల్లుకుని ఉంటుందని, ఆ నీడలోనే కాఫీ మొక్కలు పెంచుతారని నేను గమనించింది నడిచినప్పుడే. డిసెంబరులో కాఫీ పళ్ళు కుంకుడుకాయలంత, ఎర్రగా. వేసవి మొదట్లో వాన పడ్డ వారానికి వెళ్తే కొమ్మలన్నీ తెల్లటి పూలు, మల్లెపూల బజారులో నిలబడ్డట్టు వాసన. 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చిన అరకు కాఫీ ఇదే. సైకిలు మీద ఆ వాసన అందదా అంటే అందుతుంది. పీల్చడానికి ఊపిరి మిగలదు, అంతే.

ఇంకో సంగతి. నేను రోజూ ఉదయం సీసాలో పట్టుకునే నీళ్ళు కుళాయివి. విశాఖకి నీళ్ళిచ్చే వాటిలో తాటిపూడి జలాశయం ఒకటి, అది గోస్తని మీద కట్టింది. గోస్తని పుట్టేది ఈ అనంతగిరి కొండల్లో, బొర్రా గుహల దగ్గర. కలిసేది భీమిలి దగ్గర సముద్రంలో. మొదటి ఏడాదంతా నేను గొప్పగా తొక్కుకుంటూ వెళ్ళిన ఆ భీమిలి రోడ్డుకీ, నాకు కాళ్ళాడని ఈ ఎక్కుడుకీ మధ్య ఒక నది ఉందని చాలా ఆలస్యంగా తట్టింది. ఆ నీళ్ళని సీసాలో పోసుకుని మళ్ళీ కొండెక్కిస్తున్నానన్నమాట. లీటరుకి ఒక కిలో. తొంభై కిలోల లెక్కలో అవీ ఉన్నాయి.

కొండ దిగడం గురించి చెప్పకపోతే ఈ లెక్క పూర్తవదు. ఎక్కేటప్పుడు పోసిన ఆ 970 కిలోజౌళ్ళు ఎక్కడికీ పోవు, ఆ తొంభై కిలోల మూటలోనే దాక్కుని ఉంటాయి. దిగేటప్పుడు కొంత గాలికి పోతుంది, మిగతాదంతా బ్రేకుల్లో వేడిగా తేలాలి. చక్రం అంచుని పట్టే రిమ్ము బ్రేకులున్నవాళ్ళు అక్కడ వేలు పెట్టి చూస్తే పెనమే. ఎడతెగకుండా నొక్కి పట్టుకుంటే లోపలి ట్యూబు పేలిపోవచ్చు. మలుపుకి ముందు గట్టిగా నొక్కి వేగం చంపి, మలుపులో వదిలెయ్యాలి. ముందుది వెనకది రెండూ వాడాలి. నాలుగైదు కిలోమీటర్లకోసారి ఆగి చక్రాలు చల్లారనివ్వాలి. ఇక్కడ కూడా సిగ్గే అడ్డొస్తుంది. ఆగితే పిరికివాడంటారని ఆగరు. ఎక్కేటప్పుడు సిగ్గుపడితే మహా అయితే కూరగాయల బండిలో ఇంటికొస్తాం. దిగేటప్పుడు సిగ్గుపడితే ఎదురుగా ఆర్టీసీ బస్సు ఉంటుంది. మలుపులో హారన్ వినపడిందంటే బస్సు రోడ్డంతా వాడుకోబోతోందని అర్థం, వాళ్ళకి వేరే దారి లేదు.

ఓపికుంటే అరకులో ఆగిపోకండి. అరకు నుంచి హుకుంపేట మీదుగా పాడేరు దాకా రోడ్డు పెద్దగా ఎక్కదు, పెద్దగా దిగదు, ఉయ్యాల ఊగినట్టు పోతుంది. లోయలో మడులు, ఆ పైన గుట్ట మీద పది పదిహేను ఇళ్ళ ఊరు, మళ్ళీ లోయ. ఎర్రమట్టి అరుగులు, గుమ్మం పక్క ఆరబోసిన చోళ్ళు (రాగులు). ఒక ఊళ్ళో నీళ్ళడిగితే ఒకావిడ స్టీలు చెంబునిండా చోడంబలి, ఒక పచ్చిమిరపకాయ ఇచ్చింది. నా ఎనర్జీ బార్ల డబ్బు మొత్తం గుర్తొచ్చింది. పాడేరులో రాత్రి పడుకుని మర్నాడు పాడేరు ఘాట్‌లో మాడుగుల వైపు దిగొచ్చు. దారిలో మోదకొండమ్మ పాదాల దగ్గర లారీ డ్రైవర్లు కూడా ఆగి దణ్ణం పెట్టుకుంటారు, చక్రాలు చల్లార్చుకోడానికి అంతకంటే మంచి చోటు లేదు. కిందికొస్తే మాడుగుల. హల్వా సంగతి నేను చెప్పక్కర్లేదు. మొత్తం చుట్టు రెండొందల డెబ్బై కిలోమీటర్ల దాకా వస్తుంది, మూడు జిల్లాలకి అనకాపల్లి కూడా కలిసి నాలుగవుతాయి. రెండు రోజులు పెట్టుకోండి. మూడు పెట్టుకుంటే ఇంకా మంచిది.

పోయిన చలికాలం ఈ చుట్టుకి మా బావమరిదిని కూడా రమ్మన్నాను. ముందురోజు రాత్రి వాడికి ఏదో పెళ్ళి భోజనం, నిద్ర లేదు. ఎస్.కోటలో ఇడ్లీలు వద్దన్నాడు, కడుపు బాలేదన్నాడు. టైడ దాకా నాకంటే ముందే ఉన్నాడు, తరవాత నా పక్కకొచ్చాడు, తరవాత వెనక వాడి ఊపిరి వినపడడం మొదలైంది. నేను మామూలుగా దిగే చోట దిగి తోస్తున్నాను. వాడు తొక్కుతూనే ఉన్నాడు గానీ ఇద్దరం ఒకే వేగంతో పోతున్నాం. ఇంకో మలుపు. వాడి బూటు పెడల్ మీంచి టక్‌మని ఊడిన చప్పుడు వినపడింది. కాలు కింద పెట్టాడు. నా వైపు చూడకుండా వంగి వెనక చక్రం వైపు చూస్తున్నాడు.

‘చైను ఏదో చప్పుడు చేస్తోంది బావా. ఒక్క నిమిషం చూసుకోనీ.’

నాకే చప్పుడూ వినపడలేదు. ‘చూసుకోరా, తొందరేం లేదు’ అన్నాను. అన్నాక, రోడ్డు వార నుంచి సరైన సైజుది ఒక రాయి ఏరి, వాడి వెనక చక్రం కింద పెట్టాను.